బాకా మామయ్య రక్తం

కూరగాయల మార్కెట్లో వేలం పాడే ఆయన అసలు పేరు అక్కడ ఎవరికీ తెలియదు. అందరికీ ఆయన బాకా. పొద్దున్నే లారీలు సరుకు దింపే వేళకి ఇనుప బల్ల ఎక్కి ఒక్కసారి గొంతు విప్పాడంటే, అవతలి గేటు దగ్గర టీ తాగుతున్నవాడు కూడా గ్లాసు పక్కన పెట్టి పరిగెత్తుకొచ్చేవాడు. వాడిపోయిన ఆకుకూర కట్టని కూడా పెళ్ళికూతుర్ని చూపించినట్టు నాలుగు వైపులా తిప్పి చూపించి, కొన్నవాడు ఇల్లు చేరేదాకా మురిసిపోయేలా అమ్మగలిగిన మనిషి.

ఆ బాకాకి ఒక్కతే చెల్లెలు. మార్కెట్ వెనక సందులో, మూడంతస్తుల మేడ మెట్ల కింద, ఒక కుట్టు మిషనూ ఒక స్టూలూ పట్టేంత చోటులో బట్టలు కుట్టేది. కాపురం ఆ మేడలోనే పైన. అందరూ టైలరమ్మ అనేవారు. భర్త రేవులో క్రేను నడుపుతాడు, వారానికి ఒక్కరోజు ఇంటికొస్తాడు. మిగతా ఆరు రోజులూ ఆవిడకి పెద్ద దిక్కు అన్నయ్యే. చిన్నప్పుడే అమ్మానాన్నా పోతే, తనకంటే తొమ్మిదేళ్ళు పెద్దవాడైన ఆ అన్న చెయ్యి పట్టుకునే ఈ ఊరొచ్చింది. అన్నయ్య పొద్దు పడమటినుంచి పొడిచిందన్నా, నిజమే కాబోలు, తను సరిగ్గా చూసుకోలేదు కాబోలు అనుకునే రకం.

ఆవిడ కూతురు పిట్ట. పిట్టలా తింటుందని ఆ పేరు పెట్టింది మామయ్యే. పిట్టకి ఐదేళ్ళప్పుడు తేలింది, ఒంట్లో రక్తం నిలవని జబ్బని. మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. మొదట్లో అదే గ్రూపు రక్తం ఏది ఎక్కించినా సరిపోయింది. కొన్నాళ్ళకి పిల్ల ఒళ్ళు ఎదురు తిరగడం మొదలెట్టింది. ఎక్కించిన గంటకే చలి, జ్వరం, ఒళ్ళంతా దద్దుర్లు. అప్పుడు రక్తకేంద్రంలో డాక్టరమ్మ టైలరమ్మని ఎదురుగా కూర్చోబెట్టుకుని విడమరిచి చెప్పింది.

“గ్రూపు ఒకటైతే సరిపోదమ్మా. రక్తంలో ఇంకా బోలెడు గుర్తులుంటాయి. అవి తాతముత్తాతల నుంచి వచ్చేవి. మీ పాపకి నప్పే గుర్తులు మీవాళ్ళలోనే ఎక్కువగా దొరుకుతాయి. మా దగ్గరికొచ్చి రక్తం ఇచ్చేవాళ్ళేమో అందరూ ఈ ఊరివాళ్ళే. మీవాళ్ళు ఏడాదికి నలుగురు కూడా రారు.”

రారంటే రారు మరి. ఆ మార్కెట్ పేటలో నాలుగు రకాల జనం ఉండేవాళ్ళు. మొదటినుంచీ ఉన్న ఊరివాళ్ళు, కొండల మీంచి దిగొచ్చిన రాతిపనివాళ్ళు, పడవల్లో వచ్చి స్థిరపడ్డవాళ్ళు, లారీల వెంట వచ్చి మార్కెట్లో కుదురుకున్న టైలరమ్మవాళ్ళు. ఎవరి భాష వాళ్ళది, ఎవరి భయాలు వాళ్ళవి. రక్తం తీస్తే మళ్ళీ ఊరదని ఒకరు, బరువులెత్తే సత్తువ పోతుందని ఇంకొకరు. మన రక్తం ఊరివాళ్ళకి పోస్తారు గానీ వాళ్ళది మనకి పొయ్యరని మరొకరు.

మేనకోడలి కోసం బాకా నడుం కట్టాడు. ముందు ఇంటిల్లిపాదినీ పరీక్షకి తోలాడు. టైలరమ్మది నప్పలేదు, ఆవిడ భర్తదీ నప్పలేదు. బాకాది మాత్రం అతికినట్టు సరిపోయింది. ఆ రోజు టైలరమ్మ అన్నయ్య కాళ్ళు పట్టుకున్నంత పని చేసింది. మర్నాడు వేలం అయిపోయాక బాకా ఇనుప బల్ల దిగకుండా అలాగే నిలబడి, తనవాళ్ళందర్నీ కేకేశాడు.

“ఇన్నాళ్ళూ మీకు వంకాయలు అమ్మాను, పుచ్చులుంటే తిట్టుకున్నారు. ఈ రోజు అమ్మడానికి రాలేదు, అడుక్కోడానికొచ్చాను” అని మొదలెట్టాడు. పావుగంట మాట్లాడాడు. మోచేతి మడతలో అంటించిన ప్లాస్టరు చూపించి, “నేను ఇచ్చే వచ్చాను. చూడండి, చచ్చానా? మీ ఆవిళ్ళకి అంత అదృష్టం లేదులే అనుకుని మీరూ రండి!” అన్నాడు. జనం గొల్లున నవ్వారు. ఆ వారం పదకొండుమంది వెళ్ళి ఇచ్చారు.

అలా మొదలైంది. ఏడాది తిరిగేసరికి మార్కెట్ పైన ఉన్న హాలులో మూడు నెలలకోసారి క్యాంపు పెట్టడం అలవాటైపోయింది. రాతిపనివాళ్ళలోనూ ఇలాంటి పిల్లలున్నారని తెలిసి వాళ్ళూ వచ్చారు, వాళ్ళని చూసి పడవలవాళ్ళూ వచ్చారు. బాకా మాట్లాడితే ముగ్గురు నిలబడి మూడు భాషల్లోకి మార్చి చెప్పేవారు. ప్రతి క్యాంపులోనూ చొక్కా చెయ్యి పైకి మడిచి ప్లాస్టరు చూపించేవాడు.

పిట్ట సంగతి చెప్పక్కర్లేదు. రక్తం ఎక్కించుకుని బుగ్గలు ఎర్రబడి ఇంటికి రాగానే మెట్ల మీద నిలబడి గట్టిగా అరిచేది. “ఇది మామయ్య రక్తం! అందుకే గొంతు ఇంతలా లేస్తోంది!” టైలరమ్మ ఆ అరుపు వింటూ మిషను తొక్కుతుంటే పని బరువే తెలిసేది కాదు.

పోయినేడు వానలప్పుడు మాత్రం గండం వచ్చింది. రోడ్లు తెగి, క్యాంపు ఆగిపోయి, పిట్టకి నప్పే రక్తం కేంద్రంలో ఒక్క సంచీ కూడా లేకుండా పోయింది. ఐదు రోజులు. పిల్ల పాలిపోయి, మంచం మీంచి లేచి బాత్రూముకి పోవాలన్నా గోడ పట్టుకోవాల్సొచ్చింది. గుండె దడ చేత్తో ముట్టుకుంటే తెలిసేది.

బాకా రోజూ వచ్చేవాడు. పళ్ళు తెచ్చేవాడు. పిల్ల కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని పిసికేవాడు. “పోయిన నెలే ఇచ్చేశానే తల్లీ. మూడు నెలలు కాకుండా వాళ్ళు తీసుకోరు. లేకపోతే ఈ క్షణం వెళ్ళి పడుకోనూ?” అని కళ్ళనీళ్ళు పెట్టుకునేవాడు. టైలరమ్మే ఆయన్ని ఓదార్చేది. ఊరుకో అన్నయ్యా, నీ తప్పేముంది అని. ఆరో రోజు, రెండు ఊళ్ళ అవతల ఉన్న లారీ డ్రైవరొకడు వరదనీళ్ళు దాటుకుంటూ వచ్చి ఇచ్చాడు. పిల్ల గట్టెక్కింది.

ఆ తర్వాత కొన్నాళ్ళకి డాక్టరమ్మ టైలరమ్మని పనికి పిలిచింది. “మీ భాషలో ఫోన్లు చేసి మాట్లాడే మనిషి కావాలి. ఊరి భాషలో మేం చేస్తే సగంమంది పెట్టేస్తున్నారు” అంది. పొద్దున కుట్టుపని, మధ్యాహ్నం మూడు గంటలు ఫోన్ల పని. టైలరమ్మ ఎగిరి గంతేసి ఒప్పుకుంది.

రక్తకేంద్రం వెనక వైపు చిన్న గది. రెండు బల్లలు, రెండు ఫోన్లు. ఒక బల్ల దగ్గర పడవలవాళ్ళ అమ్మాయి, ఇంకో బల్ల దగ్గర టైలరమ్మ. రోజూ ఒక కాగితం ఇస్తారు. అందులో పేర్లుండవు. ఫోను నంబరు, రక్తం రకం, ఆఖరిసారి ఎప్పుడిచ్చారన్నది, అంతే. ఆ రోజు ఇచ్చిన కాగితం పైన “నమోదు చేసుకున్నారు, ఇంతవరకు ఒక్కసారీ ఇవ్వలేదు” అని రాసి ఉంది. ఇరవై రెండు నంబర్లు.

టైలరమ్మ వరసగా చేసుకుంటూ వచ్చింది. పద్నాలుగోది చేయబోతూ ఆగిపోయింది. ఆ నంబరు ఆవిడకి చూడకుండా వచ్చు. రోజుకి నాలుగుసార్లు నొక్కే నంబరు. పక్కన రక్తం రకం పిట్టకి నప్పేదే.

కంప్యూటరు తప్పయి ఉంటుంది అనుకుంది. ఇన్నేళ్ళు ఇచ్చిన మనిషిని ఇవ్వలేదని రాసినందుకు వీళ్ళని నాలుగు కడగాలని కూడా అనుకుంది. అయినా వేలు ఆ నంబరు నొక్కేసింది.

రెండుసార్లు మోగాక ఎత్తారు. ఆవిడ నోరు తెరిచే లోపలే అవతలినుంచి అన్నయ్య గొంతు, ఊరి భాషలో, విసుగ్గా వినిపించింది. “రక్తం వాళ్ళేగా? పోయినసారే చెప్పాను కదండీ, నాకు ఒంట్లో బాగోదు, ఇవ్వలేనని. ఇన్నేళ్ళుగా చెబుతున్నా మీకు అర్థం కాదా? ఇంక చేయకండి.”

పెట్టేశాడు.

టైలరమ్మ రిసీవరు చెవి దగ్గరే పెట్టుకుని కూర్చుండిపోయింది. ముందురోజు సాయంత్రమే ఆయన తన ఇంట్లో గుండ్రాయిలా కూర్చుని రెండు కప్పులు టీ తాగి, పిట్టని భుజాల మీద ఎక్కించుకుని మూడంతస్తులూ ఎక్కి దిగాడు. పక్క బల్ల అమ్మాయి, “ఏమైందక్కా, తిట్టారా?” అని అడిగింది. “లేదు, రాంగ్ నంబరు” అని చెప్పింది టైలరమ్మ.

తిన్నగా డాక్టరమ్మ గదికి వెళ్ళింది. కాగితం ముందు పెట్టి ఆ గీత మీద వేలు పెట్టింది. డాక్టరమ్మ చూసింది, కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది.

“ఎవరిచ్చారు, ఎవరివ్వలేదు అన్నది మేం బయటపెట్టకూడదమ్మా. అన్నకైనా, చెల్లికైనా. అది రూలు.”

“మీకు తెలిసే స్టేజీ ఎక్కించారా?”

డాక్టరమ్మ కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకుంది. తర్వాత మెల్లిగా అంది. “ఆయన మాట విని నూట యాభైమంది వచ్చారమ్మా. అందులో మీ పాపకి నప్పినవాళ్ళు తొమ్మిదిమంది. ఆయన ఇచ్చాడా లేదా అని నేను అడగదలుచుకోలేదు.”

మర్నాడు పొద్దెక్కాక, వేలం అయిపోయి కూలీలు ఖాళీ డబ్బాలు పేర్చుకుంటున్న వేళ, టైలరమ్మ మార్కెట్ కాటా గదికి వెళ్ళింది. లోపల బాకా తుండుతో మెడ తుడుచుకుంటున్నాడు. వదిన బల్ల దగ్గర కూర్చుని వేలం చీటీలు రాస్తోంది.

“రావే రా! ఈ వేళప్పుడు వచ్చావేంటి? పిట్ట బాగుందా?”

“బాగుంది. అన్నయ్యా, ఒక మాట అడుగుతా. నువ్వు ఇంతవరకు రక్తం ఎన్నిసార్లు ఇచ్చి ఉంటావు?”

“ఎన్నిసార్లేంటే, ఎవడు లెక్కపెట్టాడు! ఇరవై ఉంటాయేమో.”

“నిన్న మధ్యాహ్నం నీకు ఒంట్లో బాలేదటగా. ఫోన్లో చెప్పావు. ఆ ఫోను చేసింది నేనే.”

బాకా చేతిలో తుండు అలాగే ఉండిపోయింది. ఆ గొంతుకి మాట రాకపోవడం టైలరమ్మ పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. వదిన కలం కింద పెట్టి తల వంచుకుంది.

ఆయన స్టూలు మీద కూలబడ్డాడు. “సూది చూస్తే నా కాళ్ళలో ప్రాణం ఉండదే. చిన్నప్పట్నించీ అంతే. పరీక్షకి ఆ చిన్న సీసాడు తీయించుకున్న రోజే, నొప్పికి కాదు, భయానికి మీ వదిన చెయ్యి కొరికేశాను. కావాలంటే చూడు, మచ్చ ఉంది. తర్వాత మూడుసార్లు వెళ్ళాను. మంచం చూడగానే వెనక్కొచ్చేశాను. అప్పటికే జనానికి ఇచ్చానని చెప్పేశాను. ఒకసారి చెప్పాక ఇంక ఎలా వెనక్కి తీసుకోను?”

“పోయినేడు వానల్లో?”

ఆయన తుండు మడత పెట్టడం మొదలెట్టాడు.

“అన్నయ్యా, నిన్నే. ఆ ఐదు రోజులూ?”

“రోజూ బయల్దేరాను. కేంద్రం గేటు దాకా వెళ్ళాను. నిజం. మీ వదినని అడుగు.”

“నిజమేలే అమ్మాయ్,” అంది వదిన నేల చూపులు చూస్తూనే. “రెండుసార్లు నేను కూడా తోడు వెళ్ళాను. లోపలికి అడుగు వెయ్యలేకపోయారు. చెమటలు పట్టేశాయి.”

“అంటే నీకూ మొదట్నించీ తెలుసు.”

“తెలిస్తే ఏం చెయ్యను? ఆయన పరువు నా పరువు కాదా?”

ఆ ఐదు రోజుల్లో ఇదే వదిన తన ఇంట్లో జావ కాచి పిట్టకి తాగించింది. ఇదే అన్నయ్య ఆ పిల్ల కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని ఏడ్చాడు. ఆ ఏడుపు దొంగ ఏడుపు కాదని ఆవిడకి తెలుసు. నిజంగానే ఏడ్చాడు. పిల్లకి కావలసినది ఒంటి నిండా పెట్టుకుని, దాని పక్కన కూర్చుని నిజంగా ఏడ్చాడు. అదే టైలరమ్మకి మింగుడు పడలేదు.

బాకా రెండు చేతులూ పట్టుకున్నాడు. “ఆదివారం క్యాంపు ఉంది. ఇంతవరకు ఎప్పుడూ రానంత జనం వస్తున్నారు. అది గడిచిపోనీ తల్లీ. తర్వాత నువ్వు ఏం చెయ్యమంటే అది చేస్తా. ఇప్పుడు రట్టయితే పోయేది నా పరువొక్కటే కాదు. జనం రావడం మానేస్తారు. నష్టం ఎవరికి? పిట్టకేగా?”

టైలరమ్మ చేతులు విడిపించుకుని వచ్చేసింది. దారి పొడుగునా కోపంతో విసవిసా నడిచింది. కానీ సందు మలుపు తిరిగే వేళకి ఆ కోపం కాస్త చల్లారింది. భయం భయమే కదా, మనిషి చేతిలో ఉంటుందా? తల్లి లేని తనకి జడలు వేసింది ఎవరు? లారీ మీద బస్తాల మధ్య తనని పడుకోబెట్టి రాత్రంతా మేలుకున్నది ఎవరు? పైగా ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. రట్టయితే దెబ్బ పిట్టకే. ఆదివారం దాకా నోరు మూసుకుందాం, తర్వాత ఆయన్ని తనే చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాలి. ఇలా మనసుకి సర్దిచెప్పుకుని ఇల్లు చేరింది.

సాయంత్రం పిట్ట బడి నుంచి వచ్చి నేల మీద బోర్లా పడుకుని లెక్కలు చేసుకుంటోంది. “అమ్మా, ఆదివారం నేను ముందు వరసలో కూర్చుంటా. ఒంట్లో మామయ్య రక్తం ఉన్నదాన్ని కదా, నన్ను ముందు కూర్చోబెట్టాలి” అంది.

“ఆ మాట ఇంక అనకు” అంది టైలరమ్మ, నోరు జారి.

పిట్ట పెన్సిలు ఆపి తలెత్తి చూసింది. తల్లి మొహం వంక అలా చూసి చూసి, “నీకు తెలిసిపోయిందా?” అంది.

టైలరమ్మ దాని ఎదురుగా కూర్చుంది. “ఏం తెలిసిపోయింది?”

“మామయ్య ఇవ్వడని.”

“నీకెప్పుడు తెలుసు?”

“నాకు ఎనిమిదేళ్ళప్పుడు. హాలు వెనక చేతులు కడుక్కునే చోట మామయ్య ప్లాస్టరు అంటించుకుంటున్నాడు. నర్సు అంటించాలి కదా, నువ్వెందుకు అంటించుకుంటున్నావని అడిగాను. నన్ను ఎత్తుకున్నాడు. ఇది మనిద్దరి రహస్యం, అమ్మకి చెబితే ఏడుస్తుంది, జనం రావడం మానేస్తారు, అప్పుడు నీకు రక్తం దొరకదు అన్నాడు.”

“మరి మామయ్య రక్తం, మామయ్య రక్తం అని మెట్ల మీద అరుస్తావు?”

“అలా అరిస్తే నీకు అనుమానం రాదు కదా” అంది పిట్ట, అదేదో చాలా మామూలు సంగతైనట్టు.

టైలరమ్మ లెక్కల పుస్తకం పక్కకి జరిపింది. “వానలప్పుడు, ఒంట్లో బాలేనప్పుడు కూడా నీకు తెలుసా?”

“ఊఁ. నువ్వు కిందికి వెళ్ళినప్పుడు మామయ్యని అడిగాను. ఒక్కసారికి ఇవ్వవా మామయ్యా అని. రేపిస్తా అన్నాడు.” పిట్ట పెన్సిలు చివర కొరికింది. “రోజూ రేపే అన్నాడు. ఆరో రోజు ఆ డ్రైవరు అంకులు వచ్చాడుగా.”

టైలరమ్మ కూతుర్ని దగ్గరికి లాక్కుంది. ఏడుపు రాలేదు. అన్నయ్య సూదికి భయపడ్డాడు, సరే. జనం ముందు గొప్పలు పోయాడు, సరే. కానీ ప్రాణం మీదికొచ్చిన పిల్ల నోరు తెరిచి అడిగితే రేపని చెప్పి, ఆ పిల్ల చేతే నోరు మూయించి, ఆ మంచం పక్కనే కూర్చుని చెల్లెలి చేత ఓదార్పించుకున్నాడు. ఇంక మనసుకి సర్దిచెప్పుకోడానికి ఆవిడ దగ్గర ఏమీ మిగల్లేదు.

ఆదివారం హాలు కిటకిటలాడింది. ఒక పక్క పన్నెండు మంచాలు, తెల్ల దుప్పట్లు. ఇంకో పక్క బిస్కెట్లు, నిమ్మరసం. మధ్యలో కుర్చీలు. ముందు ఊరివాళ్ళు, ఎడమవైపు రాతిపనివాళ్ళు, కుడివైపు పడవలవాళ్ళు, వెనక టైలరమ్మవాళ్ళు. టైలరమ్మ పేర్లు రాసే బల్ల దగ్గర ఉంది. పిట్టని పక్కింటావిడ దగ్గర వదిలి వచ్చింది.

బాకా స్టేజీ ఎక్కాడు. చెల్లెలు నాలుగు రోజులుగా నోరెత్తలేదు కాబట్టి గండం గడిచిందనుకున్నాడో ఏమో, ఎన్నడూ లేనంత ఊపుగా మాట్లాడాడు. ఆయన ఒక మాట అనడం, ఆయన భాషవాళ్ళు నవ్వడం, ముగ్గురు మార్చి చెప్పడం, అటు ఒకసారి ఇటు ఒకసారి నవ్వులు లేవడం. “ఇదిగో, పొద్దున్నే వెళ్ళి ఇచ్చేసి వచ్చాను!” అని చొక్కా చెయ్యి పైకి మడిచాడు.

టైలరమ్మ కలం మూత పెట్టింది. లేచి, కుర్చీల మధ్యనుంచి నడిచి, మూడు మెట్లెక్కి అన్నయ్య పక్కన నిలబడింది. మైకుకి అడ్డంగా చెయ్యి పెట్టి మెల్లిగా అంది. “దిగు అన్నయ్యా. వెళ్ళి ఆ మొదటి మంచం మీద పడుకో. నేను నీ చెయ్యి పట్టుకుంటాను. ఎవరికీ ఏమీ చెప్పను.”

ఆయన నవ్వు మొహం మీద అలాగే ఉంది, కళ్ళు మాత్రం మారిపోయాయి. “పిచ్చా నీకు? ఇప్పుడు కాదే.”

“మరెప్పుడు?”

“రేపు. ఒట్టు. రేపు తప్పకుండా.”

టైలరమ్మ మైకు మీంచి చెయ్యి తీసింది.

“మా అన్నయ్య ఇంతవరకు ఒక్కసారి కూడా రక్తం ఇవ్వలేదు,” అంది. “ఆ ప్లాస్టరు కింద ఏమీ లేదు. ఆయన రక్తం నా కూతురికి సరిపోతుంది. అది చావు అంచు దాకా వెళ్ళి నోరు తెరిచి అడిగితే కూడా ఇవ్వలేదు. ఇచ్చానని మీకూ చెప్పాడు, నాకూ చెప్పాడు.”

వెనక వరసల్లో నవ్వులు ఠక్కున ఆగాయి. మిగతా మూడు వైపులవాళ్ళూ ఏం చెప్పిందా అని నవ్వడానికి సిద్ధంగా చూస్తున్నారు. మార్చి చెప్పేవాళ్ళు ముగ్గురూ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. ముందు ఊరి భాషతను గొంతు సవరించుకుని చెప్పాడు. ముందు వరసలు మూగబోయాయి. తర్వాత రాతిపనివాళ్ళ మనిషి చెప్పాడు. అక్కడ గుసగుసలు లేచాయి. పడవలవాళ్ళ అమ్మాయి, ఫోన్ల గదిలో పక్క బల్ల అమ్మాయి, టైలరమ్మ వంక చూసింది. టైలరమ్మ తల ఊపాక తనూ చెప్పేసింది. ఒకే మాట నాలుగుసార్లు పడడం బాకా నిలబడి విన్నాడు. నాలుగోసారి అయ్యాక స్టేజీ వెనక మెట్ల మీంచి దిగి వెళ్ళిపోయాడు. వదిన ఆయన వెనకే వెళ్తూ టైలరమ్మ వంక చూసిన చూపుకి పచ్చగడ్డి భగ్గుమనేది.

అప్పుడు మొదలైంది గోల. విచిత్రం ఏంటంటే, వేరేవాళ్ళు పెద్దగా కదల్లేదు. రాతిపనివాళ్ళ మేస్త్రీ లేచి, “మాట్లాడినవాడు ఇవ్వకపోతే మేమిచ్చింది నీళ్ళయిపోతుందా?” అని తన భాషలో అని, వాళ్ళవాళ్ళని మంచాల వైపు నడిపించాడు. లేచి వెళ్ళిపోయింది టైలరమ్మవాళ్ళే. “సొంత అన్న పరువు నాలుగు జాతుల ముందు తీసింది” అని ఒకాయన. “ఇంట్లో తేల్చుకోవాల్సిన సంగతి” అని ఇంకొకాయన. “ఇన్నేళ్ళూ మమ్మల్ని వెర్రివాళ్ళని చేశారు అన్నాచెల్లెళ్ళిద్దరూ” అని మరొకావిడ. వాళ్ళలో పేర్లు రాయించుకున్న అరవైమందిలో నలభై ఏడుమంది మెట్లు దిగిపోయారు.

మిగిలినవాళ్ళలో పరుపులు కుట్టే ఆవిడ టైలరమ్మ బల్ల ముందుకొచ్చి నిలబడింది. “నా పేరు రాశావా?”

“రాశాను పిన్నీ. మీరూ వెళ్ళిపోతారేమో అనుకున్నా.”

“అబద్ధం చెప్పింది వాడు. ఇచ్చింది మేము. వాడి కోసం ఇవ్వలేదు కదే నేను!” అని మొదటి మంచం మీదికి వెళ్ళి పడుకుంది.

ఆ తర్వాతి రోజులు టైలరమ్మకి గడ్డుగా గడిచాయి. మెట్ల కింద కుట్టుపనికి బట్టలు రావడం తగ్గింది. మార్కెట్లో నడుస్తుంటే వెనకనుంచి మాటలు వినబడేవి. ఫోన్ల గదిలో నంబరు నొక్కి తన గొంతు వినిపించగానే టక్కున పెట్టేసేవాళ్ళు. పిట్టకి ఆ నెల రక్తం రెండు రోజులు ఆలస్యమైంది. ఆ రెండు రోజులూ ఆవిడ తనని తను తిట్టుకుంటూ, అంతలోనే కాదు నేను చేసింది సరే అనుకుంటూ, ఏదీ తేల్చుకోలేక గడిపింది. డాక్టరమ్మ ఏమీ అనలేదు. ఏమైనా అని ఉంటే బాగుండేదనిపించింది.

నెల దాటాక ఒక మధ్యాహ్నం వదిన వచ్చింది. స్టూలు ఉన్నా కూర్చోలేదు.

“నిన్న ఇచ్చారు మీ అన్నయ్య. నలుగురు పట్టుకుంటే ఇచ్చారు. పిట్టకే ఎక్కించమని ఒకటే గొడవ. అలా కుదరదన్నారట, వరస ప్రకారం ఎవరికి నప్పితే వాళ్ళకి వెళ్తుందట. తర్వాత కళ్ళు తిరిగి పడిపోయారు. ఇంట్లో పడుకున్నారు.”

టైలరమ్మ కుడుతున్న లంగా అంచు పూర్తి చేసి దారం తెంపింది. “మంచిది.”

“ఒక్కసారి వచ్చి చూడవా? వేలానికి కూడా వెళ్ళడం లేదు. బల్ల ఎక్కితే జనం నవ్వుతున్నారట. పిచ్చివాడిలా అయిపోయారు అమ్మాయ్.”

“పిట్ట వస్తానంటే తీసుకెళ్ళు వదినా.”

“నువ్వు?”

“ఆయన సూదికి భయపడ్డందుకు కాదు వదినా నేను రానిది. అది నీకూ తెలుసు.”

పిట్ట వెళ్ళింది. సాయంత్రం తిరిగొచ్చి చెప్పింది, మామయ్య ఏడ్చాడని, తనూ ఏడ్చిందని, కాసేపయ్యాక ఇద్దరూ పేకాడుకున్నారని. పిల్ల మనసు అంత సులువుగా కలిసిపోయినందుకు టైలరమ్మకి ఒక పక్క ఊరట, ఒక పక్క ఉక్రోషం. కూతురు మన్నించిందని తను మన్నించాలని లేదు కదా అనుకుంది. అన్నం వడ్డించింది. అన్నయ్య ఎలా ఉన్నాడని మాత్రం అడగలేదు.

ఫోన్ల పని మానలేదు. ఎత్తినవాళ్ళు ఎత్తారు, పెట్టినవాళ్ళు పెట్టేశారు. ఒకరోజు ఫోనెత్తిన ఒకతను, మార్కెట్లో బస్తాలు మోస్తానని చెప్పి, అటూ ఇటూ నీళ్ళు నమిలి, చివరికి, “అక్కా, నిజం చెప్పనా? నాకు సూదంటే భయం. సిగ్గేసి ఎవరికీ చెప్పలేదు” అన్నాడు.

“పర్లేదు తమ్ముడూ. చెప్పావు, అదే చాలు. నిన్ను ఇవ్వనివాళ్ళ కాగితంలో రాసుకుంటాను. ఇంక ఫోను చెయ్యం.”

“చెయ్యండి,” అన్నాడతను. “ఆరు నెలలాగి ఒకసారి చేసి చూడండి. ఏమో.”

టైలరమ్మ ఆ నంబరు పక్కన నెల పేరు రాసుకుని, కింది గీతలో ఉన్న నంబరు నొక్కింది.